సొంత సర్వర్ పెట్టుకుంటే పిల్లల ఫొటోలకు పూచీ ఎవరిది?

కందుకూరు కుర్రోడు:
మేం ముగ్గురం మాస్టోడాన్ (ట్విట్టర్ లాంటిదే, కానీ ఒకే కంపెనీది కాదు, ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకుని మిగతావాటితో కలుపుకోవచ్చు) సర్వర్ ఒకటి నడుపుతున్నాం, రెండొందల మంది ఉంటారు, సగం ఒంగోలు, కావలి వాళ్లే. పోయినవారం ఒకామె తన కూతురు మైపాడు బీచ్‌లో ఆడుకుంటున్న ఫొటో పెడితే, వేరే సర్వర్‌లో ఎవడో దాని కింద చెత్తంతా రాశాడు. గంటలో ఆ సర్వర్‌నే మొత్తంగా సస్పెండ్ చేశాం, అంటే దానికీ మాకూ రాకపోకలు బంద్. పెద్ద కంపెనీలకు రిపోర్ట్ కొడితే ‘మా నియమాలకు విరుద్ధం కాదు’ అని ఎన్నోసార్లు వచ్చింది నాకు. అందుకే పిల్లల విషయంలో చిన్న సర్వర్లే మేలంటాను.

కావలి టీచరమ్మ:
ఏంది అబ్బయా మేలు? మీరు తలుపేసుకున్నారు, ఫొటో వాడింట్లోనే ఉంది. ఆమె డిలీట్ కొట్టినా ఆ కబురు అవతలి సర్వర్ పాటిస్తేనే పోయేది.

కందుకూరు కుర్రోడు:
స్క్రీన్‌షాట్ తీసేవాణ్ణి ఫేస్‌బుక్ మాత్రం ఆపుద్దా అక్కా? 2019లో గ్యాబ్ అని, విద్వేష రాతలకు పేరుపడ్డ అమెరికా సైటు, మాస్టోడాన్ సాఫ్ట్‌వేర్‌కి మారినప్పుడు, పైనుంచి ఎవరూ చెప్పకుండానే చాలా సర్వర్లు దాన్ని వెలేశాయి.

నెల్లూరు సిస్టమ్స్ బాబాయ్:
ఆ వెలివేత సరేగానీ, మీ డిస్క్ ఎప్పుడన్నా చూసుకున్నారా? మీవాళ్లు ఫాలో అయ్యే బయటివాళ్ల ఫొటోలు మీ సర్వర్‌లోకి కూడా కాపీ అవుతాయి, మీరెవరూ కళ్లతో చూడకుండానే. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఈ సర్వర్లలో రెండు రోజుల పోస్టులు, 3,25,000 దాకా, జల్లెడ పడితే పిల్లల లైంగిక దోపిడీ చిత్రాలు, అదీ ముందే రికార్డుకెక్కినవే, 112 తగిలాయి. ఇలాంటివి పట్టే ఫొటోడీఎన్‌ఏ లాంటి సాఫ్ట్‌వేర్లు ముందే రికార్డులో ఉన్న చిత్రాల డిజిటల్ వేలిముద్రతో పోల్చి పడతాయి, నిన్న తీసిన ఫొటో వాటికి దొరకదు. అలాంటివి మన దగ్గర ఉన్నా తీసేయకపోతే, రిపోర్ట్ చేయకపోతే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 15వ సెక్షన్ కిందికి రావచ్చని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పెద్ద కంపెనీకి లాయర్లుంటారు, మీకెవరున్నారు? (నేనూ ఒకప్పుడు సర్వర్ నడిపి, ఈ టెన్షన్‌కే మూసేశా.)

కందుకూరు కుర్రోడు:
కాపీల సంగతి తెలుసు బాబాయ్, జాగా నిండుతోందని వారానికోసారి తుడిచేస్తాం. కేసు కోణంలో మాత్రం ఎప్పుడూ ఆలోచించలా. అయినా మూసేస్తే ఈ రెండొందల మందీ మళ్లీ ఆ కంపెనీల దగ్గరికేగా పోయేది?

కావలి టీచరమ్మ:
అదంతా తర్వాత. ఆ తల్లి చేత సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టించారా? పిల్లల మీద అసభ్యమైనవైతే పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు.

కందుకూరు కుర్రోడు:
లేదక్కా, ఇంట్లో తెలిస్తే ఫోన్ లాక్కుంటారని వద్దంది.

కావలి టీచరమ్మ:
వాడి రాతలన్నా దాచారా మరి?

కందుకూరు కుర్రోడు:
సస్పెండ్ కొట్టగానే ఆ సర్వర్ నుంచి వచ్చినవన్నీ మా దగ్గర చెరిగిపోతాయి. ముందే స్క్రీన్‌షాట్ తీయాల్సింది. తీయలా.