గ్రనాడాలో అల్హంబ్రా కోట లోపలి హోటల్: ఒక్క రాత్రికి అంత పెట్టొచ్చా?

గోదారిపిల్ల:
అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో అమ్మానాన్న రాజమండ్రి నుంచి మా దగ్గరికి, జర్మనీకి వస్తున్నారు. నాన్న రిటైరైన హిస్టరీ లెక్చరర్. స్పెయిన్ వెళ్దాం అనగానే ఆయన నోట వచ్చిన మొదటి మాట అల్హంబ్రా. గ్రనాడాలో రెండు రాత్రులు ఉంటాం. కోట లోపలే పాత మఠాన్ని హోటల్ చేశారట, పారడోర్ అంటారు. రేటు చూసి మా ఆయన ల్యాప్‌టాప్ మూసేశారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టదు. అక్కడ ఉన్నవాళ్ళెవరైనా చెప్పండి, తీసుకోమంటారా, వద్దా?

నడకపిచ్చి:
దండగ. కింద ఊళ్ళో మామూలు హోటల్ తీసుకోండి. సీ30 మినీబస్సు ఎక్కితే కోట దగ్గర దింపుతుంది. పగలంతా తిరిగి వచ్చి పడుకోడానికి అంత డబ్బెందుకు?

పెరటిదానిమ్మ:
పై ఆయన లెక్క కరెక్టే. కానీ మీ ఇంట్లో హిస్టరీ లెక్చరర్ ఉన్నారు కదా, అక్కడే తేడా వస్తుంది.

మేం కిందటి అక్టోబర్‌లో మా అత్తగారిని తీసుకుని వెళ్ళాం. ముందు ఒక మాట: హోటల్ కంటే ముందు కోటలోని నస్రిద్ మహళ్ళ టికెట్లు కొనండి (గ్రనాడాని ఆఖరుగా ఏలిన ముస్లిం రాజవంశం పేరు నస్రిద్). కోటలోనే ఉంటున్నాం కదా అనుకోకండి, గదికీ ఆ టికెట్‌కీ సంబంధం లేదు. టికెట్ మీద పేరూ, లోపలికెళ్ళే టైమూ ఉంటాయి. ఆ టైము దాటితే అంతే. పాస్‌పోర్ట్ చూపించాలి. మావి నేను గదిలో సూట్‌కేస్‌లో పెట్టి, తాళం కూడా వేసి వచ్చాను! గేటు దగ్గర నేను హ్యాండ్‌బ్యాగ్ కుమ్మరించి వెతుకుతుంటే అత్తగారు ఒక్క మాట అనలేదు. దాంతో ఇంకా భయం వేసింది. మా వారు పరుగున వెళ్ళి తెచ్చారు. కింద ఊళ్ళో దిగి ఉంటే ఆ రోజు మహళ్ళు చూసేవాళ్ళమే కాదు. ఆ పరుగుతోనే గది అద్దె గిట్టిందని ఆయన ఇప్పటికీ అంటారు.

ఇక ఆ కట్టడం గురించి. అది మొదట నస్రిద్ రాజుల మహలు. 1492 జనవరి 2న వాళ్ళలో ఆఖరి రాజు బోఅబ్దిల్ ఊరు అప్పగించేశాక, 1495లో స్పెయిన్ రాణి ఇసబెల్, రాజు ఫెర్నాండో దాన్ని ఫ్రాన్సిస్కన్ మఠం చేశారు. తనని అక్కడే సమాధి చేయమని రాణి వీలునామా రాసింది. 1504లో పోయింది, 1521 దాకా అక్కడే ఉంది. తర్వాత కింద ఊళ్ళో రాజుల సమాధి మందిరం కాపియా రెయాల్‌కి మార్చారు. ఆ చోటు హోటల్ లోపలే ఉంది. నేల మీద రాతి పలక, తలెత్తితే తేనెపట్టులా చెక్కిన సున్నపు పని. ఎవరి రాజ్యాన్ని తను గెలుచుకుందో వాళ్ళ కప్పు కిందే పడుకుంది మహాతల్లి. మీ నాన్నగారు అక్కడ్నించి ఒక పట్టాన కదలరు, చూస్తూ ఉండండి.

గది బాగుంటుంది, కానీ డబ్బు పెట్టేది గదికి కాదు, సాయంత్రానికి. ఏప్రిల్‌లో సందర్శకులకి కోటని రాత్రి 8కి మూసేస్తారు. గుంపులన్నీ దిగిపోయాక వీధిలో మీరూ, పిల్లులూ, నీళ్ళ చప్పుడూ. దార్రో నదికి ఎగువన అడ్డం కట్టి, దాదాపు 6 కిలోమీటర్ల కాలువ తవ్వి కొండ మీదికి తెచ్చిన నీళ్ళవి. 13వ శతాబ్దం పని, అంతా వాలు మీదే పారడం. మా అత్తగారు కోనసీమలో కాలవగట్టున పుట్టిన మనిషి. ఆ చీకట్లో ఒక పిల్లకాలవ దగ్గర ఆగి, "లాకులెక్కడున్నాయే?" అని అడిగారు. మహళ్ళలోని పన్నెండు సింహాల ఫౌంటెన్ ఆవిడకి ఇప్పుడు గుర్తుందో లేదో గానీ, ఆ కాలవ సంగతి ఊళ్ళో అందరికీ చెప్పారు.

మోకాళ్ళ మాటకొస్తే, టాక్సీ హోటల్ గుమ్మం దాకా వెళ్తుంది. కోటకి ఎదురు కొండ మీద ఉన్న అల్బైసిన్ పేటలో మాత్రం గది తీసుకోవద్దు. వీధుల్లో ఏటి గులకరాళ్ళు నిలువునా పాతి ఉంటాయి. మా పెట్టె చక్రం ఒకటి అక్కడే ఊడింది. ఆ పేటలోనే ఉన్న సాన్ నికొలాస్ అనే చోటు నుంచి కోటని చూడాలంటే మినీబస్సులో వెళ్ళి రండి.

ఉప్పూకారం:
తిండి సంగతి నేను చెప్తా. "సిన్ కార్నె", అంటే మాంసం లేకుండా అంటే చాలదండి. పంది హామూ, ట్యూనా చేపా చాలాచోట్ల ఆ లెక్కలోకి రావు. "సిన్ హమోన్, సిన్ అతూన్, సిన్ ఉయెవో" (హామ్, ట్యూనా, గుడ్డు లేకుండా) అని పేరుపేరునా వద్దనాలి. సల్మొరెహో అనే చల్లటి టమాటా సూప్ మీద కూడా హామ్, ఉడికించిన గుడ్డు చల్లుతారు. గ్రనాడాలో ఏదైనా డ్రింక్ చెప్తే పక్కన ఒక చిన్న ప్లేటు ఫ్రీగా వస్తుంది, అందులో ఏముంటుందో వాళ్ళిష్టం. అందుకే ముందే చెప్పండి. అమ్మగారికి బెరెన్‌హేనాస్ కొన్ మియెల్ చెప్పండి, వంకాయ వేపుడు మీద చెరకు పాకం. పిండిలో గుడ్డు లేదని మాత్రం అడిగి తీసుకోండి. రాత్రి ఎనిమిదిన్నర దాకా చాలా హోటళ్ళలో పొయ్యి వెలిగించరు. అటుకులో, పులిహోర పేస్టో దగ్గర పెట్టుకోండి.

నడకపిచ్చి:
లాకుల మాట చదివాక నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా.

గోదారిపిల్ల:
పెరటిదానిమ్మ గారూ, మీ పోస్టు నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించాను. ధవళేశ్వరం ఆనకట్టతో మొదలుపెట్టి నలభై నిమిషాలు మాట్లాడారు, అల్హంబ్రా దాకా రానేలేదు. మహళ్ళ టికెట్లు నలుగురికీ కొనేశా. పారడోర్‌లో ఒక రాత్రి, కింద ఊళ్ళో ఒక రాత్రి. మా ఆయనకి ఇంకా చెప్పలేదు.