జిప్సీ ముందు టై రాడ్డు స్ప్రింగుకి తగులుతాంది

అన్నలారా, రేసు జిప్సీ జీపుకి ముందు లీఫ్ స్ప్రింగుల్ని యాక్సిల్ కింద నుంచి పైకి మార్పించినాం. ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ ఆడే దూరం) బాగుంది గానీ టై రాడ్డు (ముందు చక్రాలు రెండిట్నీ కలిపి తిప్పే కడ్డీ) స్ప్రింగుకి తగులుతాంది. గుంతలో పడితే స్టీరింగ్ దానంతటదే తిరుగుతాంది. తిరుపతిలో లేత్ పని చేయించుకోగలను. ఏం చేయాల?

— రెండూ వేరే రోగాలు, మందు మాత్రం ఒకటే. నకిళ్ల (యాక్సిల్ కొసల్లో చక్రంతో పాటు తిరిగే భాగాలు) మీద ఎత్తు ఆర్ములు బోల్టులతో బిగించి, టై రాడ్డుని స్ప్రింగుల పైకి తీసుకుపోండి. డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు పోయే కడ్డీ) ఏటవాలుగా ఉంటే యాక్సిల్ లేచినప్పుడల్లా నకిల్‌ని తోస్తుంది. ఆర్ము ఎత్తితే ఆ కోణమూ తగ్గుతుంది. దీనికి బదులు వంచిన డ్రాగ్ లింక్ వేస్తే చవకే, కానీ రాయి తగిలితే ఇంకా వంగుతుంది. స్టీరింగ్ ఆర్ముకి లేత్ షాపు వెల్డింగ్ మాత్రం వద్దు.

— బిగించే ముందు స్ప్రింగు కట్టలో మెయిన్ లీఫ్ (అన్నిటికన్నా పొడవు పట్టీ) ఒక్కటే ఉంచి, జాక్‌తో యాక్సిల్‌ని బంప్ స్టాప్ (యాక్సిల్ ఇంకా పైకి పోకుండా ఆపే రబ్బరు) దాకా లేపండి. స్టీరింగ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పి, రాడ్డు ఆయిల్ పాన్‌కీ ఛాసిస్‌కీ తగలకుండా చూడండి. షాకర్‌లో రెండు కొసల్లోనూ 25 మి.మీ. మిగలాల. పూర్తిగా వేలాడినప్పుడు బ్రేక్ హోస్ లాక్కోకూడదు.

— పర్చ్‌లు (యాక్సిల్ మీద స్ప్రింగు కూర్చునే పీటలు) వెల్డ్ చేసినప్పుడు పినియన్ (యాక్సిల్‌కి ప్రొపెల్లర్ షాఫ్టు తగిలే మూతి) పైకి తిప్పినారా? అట్లయితే క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గి, బండి నేరుగా పోదు. అది కూడా కొలిపించండి.