పులిచింత మీది చిన్న నీలి సీతాకోకచిలుక: ‘ఓసా’ అని రాయాలా, వద్దా?

దేవరకొండ మాస్టారు:
మా పెరట్లో పులిచింత మీద గుడ్లు పెట్టే చిన్న నీలి సీతాకోకచిలుకను, అంటే పేల్ గ్రాస్ బ్లూను, మూడేళ్లుగా గమనిస్తున్నాను. మాఘం నుంచి ఎండలు ముదిరేదాకా కనిపించే మగవాటి రెక్కలు పైన వెండి కలిసిన లేత నీలంగా, అంచున సన్నని నల్ల పట్టీతో ఉంటాయి. హిమాలయాల వైపు తీసిన ఫొటోలలోని వాటిని ఇవి పోలవు. కొల్లర్ 1844లో వర్ణించిన ‘మహా’ అనే జాతి పేరుతో ఊరుకోకుండా, దక్షిణాది ఉపజాతికి (అదే జాతిలోని ప్రాంతీయ భేదానికి) స్విన్హో 1885లో పెట్టిన ‘ఓసా’ పేరును నల్గొండ, పాలమూరు సీతాకోకచిలుకల జాబితాలలో చేర్చాలని నా వాదన.

అమ్రాబాద్ బాటసారి:
మాస్టారు గారూ, సన్నని పట్టీ ఉపజాతికి గుర్తు కాదు, ఎండాకాలపు రూపానికి గుర్తు. వానాకాలంలో ఇదే జాతి మగవాటికి పట్టీ వెడల్పవుతుంది, రెక్కల అడుగున చుక్కలు స్పష్టంగా తేలుతాయి. వేసవిలో అవే చుక్కలు వెలిసిపోతాయి. జపాన్‌లో ఈ జాతి నివాసానికి ఉత్తరపు అంచున ఉన్న ఫుకౌరాలో చుక్కల తీరు మారినవి విరివిగా కనిపించినప్పుడు, ప్రయోగశాలలో ప్యూపాలను, అంటే రెక్కలు రాకముందు కదలక ఉండే దశలోని వాటిని, చలికి గురిచేసి అటువంటి మార్పులనే రాబట్టారు. చలి ఒక్కదానికే రెక్క మీది రాత మారుతుంటే, ఒక పెరటి ఫొటోలతో ప్రాంతీయ భేదాన్ని ఎలా నిర్ణయిస్తాం?

డిండి గట్టు:
అసలు అది డార్క్ గ్రాస్ బ్లూ కాదని ముందు తేల్చండి. పల్లేరు మీద పెరిగే ఆ జాతి మా చేల గట్ల నిండా ఉంది.

దేవరకొండ మాస్టారు:
డార్క్ గ్రాస్ బ్లూ మగది పైన ఊదా కలిసిన ముదురు నీలం. నా ఫొటోలలో ఆ రంగు ఒక్కదానికీ లేదు.

డిండి గట్టు:
పక్క చేనులో పల్లేరు ఉందా, లేదా?

దేవరకొండ మాస్టారు:
బాటసారి గారు జపాన్ దాకా వెళ్లారు గాని నా ఫొటోల తేదీలు చూడలేదు. శ్రావణ భాద్రపదాలలో తీసినవీ అందులో ఉన్నాయి. వాటిలో పట్టీ వెడల్పైంది గాని నీలం లేతగానే ఉంది. ఆమధ్య ఒక జాబితా తయారుచేస్తున్నవారికి తేదీ, ఊరు, మొక్క పేరు రాసి ఫొటోలన్నీ పంపితే, చివరికి అందులో “మహా, తెలంగాణ” అనే రెండు మాటలే మిగిలాయి. దేవరకొండ పోయింది, పులిచింత పోయింది, నా మూడు వానాకాలాలూ పోయాయి. మీరూ అదే పని చేయమంటున్నారు.

అమ్రాబాద్ బాటసారి:
అలా తీసివేయడం తప్పే, అందులో నేను మీ పక్షమే. కాని దక్షిణాదిలో దొరికింది కనుక ఓసా అనీ, ఓసా కనుక దక్షిణాది లక్షణాలున్నాయనీ రాసుకుంటూ పోతే, అది ఊరి పేరునే లాటిన్‌లో మళ్లీ చెప్పడం అవుతుంది. ఆ పేరు కావాలంటే నమూనాలను పక్కపక్కన పెట్టి పోల్చాలి.

దేవరకొండ మాస్టారు:
పట్టి, చంపి, పిన్ను గుచ్చమంటారా? ఆ పని నా చేత కాదు. ఫొటో సాక్ష్యం కాదంటే, చంపనివాడి మాటకు విలువ లేదని చెప్పినట్టే.

అమ్రాబాద్ బాటసారి:
చంపమని నేను అనలేదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వులో అనుమతి లేకుండా వాటిని పట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం కూడా. ఇప్పటికే సంగ్రహాలలో ఉన్న పాత నమూనాలతో పోల్చవచ్చు. అంతవరకు జాతి పేరు, తేదీ, ఊరు, మొక్క రాస్తాను. ఉపజాతి పేరు రాయను.

పాలమూరు తోట:
ఒకే తల్లి పెట్టిన గుడ్లను రెండు పులిచింత కుండీలలో పెంచి, ప్యూపా దశలో ఒకదాన్ని చల్లని గదిలో, ఒకదాన్ని వెచ్చని చోట ఉంచి చూడండి, అన్నా. ఫొటో తీసి వదిలేయవచ్చు. చల్లగా పెరిగినా నీలం లేతగానే నిలిస్తే మీ మాటకు బలం వస్తుంది.

అమ్రాబాద్ బాటసారి:
ఓసా అని తేలిపోదు గాని, ఋతువు వల్ల ఏది మారుతుందో, ఏది మారదో తెలుస్తుంది. అలా పెంచిన ఫొటోలను తేదీలతో సహా నేనే జాబితాలో ఎక్కిస్తాను.

దేవరకొండ మాస్టారు:
కార్తీకంలో మొదలుపెడతాను. నా ఊరి పేరు మాత్రం తీసివేయకండి.

డిండి గట్టు:
పక్క చేనులో పల్లేరు సంగతి ఇంకా చెప్పలేదు.