డిఫ్యూజర్‌తో ఆరబెడితే కొసలు ఎండిపోతాయి, కుదుళ్లు తడిగానే ఉంటాయి. తప్పు ఎక్కడ?

అనంత_రింగులు (అనంతపురం):

అందరికీ నమస్తే. భుజాలకు నాలుగు వేళ్లు కిందికి దిగే ఉంగరాల జుట్టు, ఒత్తు మధ్యరకం. మాడు మీద వంకీలే, చెవుల కింద నుంచి రింగులు. డ్రైయర్ 1200 వాట్లు. డిఫ్యూజర్ (డ్రైయర్ మూతికి తగిలించే, లోపల ముళ్లుండే చిల్లుల గిన్నె) విడిగా కొన్నది, మడతపడే సిలికాన్ రకం. నీళ్లు బోరువి.

ఇప్పుడు చేస్తున్న వరుస: తలకు పోసుకున్నాక టర్కీ టవల్ పది నిమిషాలు చుట్టడం, తర్వాత చిక్కు తీసి జెల్ పూయడం, డ్రైయర్ ఫుల్ స్పీడులో, ఫుల్ వేడిలో పెట్టి డిఫ్యూజర్‌ను తలంతా తిప్పడం. నలభై ఐదు నిమిషాలు పట్టినా కుదుళ్లు చెమ్మగానే ఉంటాయి, కొసలు మాత్రం పీచు మాదిరి అయిపోతాయి. మాడు మీద అతుక్కుపోతుంది, చెవుల దగ్గర బుస్సుమని లేస్తుంది. మధ్యమధ్యలో డ్రైయర్ వేడి ఆగిపోయి చల్లగాలి వస్తుంది. జెల్ ఆరినాక తెల్లగా పొడి రాలుతుంది. ఏది ముందు సరిచేసుకోవాల?

కర్నూలు_పార్లర్:

మీ వరుసలో పెద్ద తప్పులు రెండు, రెండూ డ్రైయర్ స్విచ్ వేయకముందే జరుగుతున్నాయి. ఒకటి టర్కీ టవల్, రెండోది సగం ఆరిన జుట్టుకు జెల్.

ఎందుకంటే, వెంట్రుక తడిసినప్పుడు దాని లోపలి హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి. ఆరేటప్పుడు ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే మళ్లీ కలుస్తాయి. అంటే రింగు నిలిచేదీ చెడేదీ ఆ ఆరే సమయంలోనే. టవల్ చుట్టి పది నిమిషాలు ఉంచితే పైపై వెంట్రుకలు అప్పటికే దేనికది విడిపోయి ఆరడం మొదలుపెడతాయి. ఆ తర్వాత చిక్కు తీస్తే ఉన్న పాయలు కూడా చెదిరిపోతాయి. చెదిరిన జుట్టును జెల్ దగ్గరికి చేర్చలేదు, చెదిరినదాన్ని చెదిరినట్టే గట్టిపరుస్తుంది.

కాబట్టి చిక్కు తీయడం బాత్‌రూములోనే, కండిషనర్ తల మీద ఉండగానే, పెద్ద పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి. కడిగేశాక దువ్వెన ముట్టుకోవద్దు. నీళ్లు కారుతుండగానే తల ముందుకు వంచి జెల్ పూయండి. మీ పొడవుకు, ఒత్తుకు రెండు టీస్పూన్లు చాలు, మరీ ఒత్తయితే మూడు. జుట్టును నాలుగు భాగాలు చేసి, అర టీస్పూను చొప్పున అరచేతులకు రాసుకొని, నమస్కారం పెట్టినట్టు రెండు చేతుల మధ్య పాయను పట్టి పైనుంచి కిందికి జార్చాల. తర్వాత కొసలను గుప్పిట్లోకి తీసుకొని పైకి ఒత్తండి. చప్‌చప్ మని తడి చప్పుడు రావాల. రాకపోతే నీళ్లు చాలలేదని అర్థం, ఇంకో గుప్పెడు నీళ్లు చిలకరించి మళ్లీ ఒత్తండి. జెల్ మాడుకు తగలనీయొద్దు, కుదుళ్లకు రెండు వేళ్ల దూరం వదిలేయండి. మాడు మీద అతుక్కుపోవడానికి సగం కారణం అక్కడ పడిన జెల్లే.

అప్పుడు పాత నూలు పంచె గానీ బనియన్ గుడ్డ గానీ మంచం మీద పరిచి, జుట్టును దాని మీదికి మడతలు మడతలుగా దించి తలకు చుట్టి కట్టండి. పది నిమిషాలు, పదిహేనుకు మించొద్దు. టర్కీ టవల్‌కు ఉండే నూలు ఉచ్చులు వెంట్రుకలను లాగి విడదీస్తాయి, పంచె మాత్రం నీళ్లను పీల్చుకొని పాయను వదిలేస్తుంది.

ఇక డిఫ్యూజర్. ముందు దాన్ని జుట్టుకు ఆనించవద్దు. తక్కువ స్పీడు, మధ్యస్థం వేడి, జానెడుకు కాస్త తక్కువ దూరం. తల చుట్టూ నిదానంగా తిప్పుతూ అయిదారు నిమిషాలు. జుట్టు పైన జెల్ సన్నని పెంకులా బిగుసుకున్నాకే గిన్నెను దగ్గరికి తేవాల. తల పక్కకు వంచి, కొసలను గిన్నెలో పడేలా దించి, గిన్నెను అట్లే పైకి మాడు దాకా తెచ్చి, ముప్పై నలభై సెకన్లు కదలకుండా పట్టుకోండి. తీసే ముందు స్విచ్ ఆపండి. ఇంకో పాయ దగ్గర పెట్టాక ఆన్ చేయండి. గాలి వీస్తుండగా గిన్నెను లోపలికీ బయటికీ ఆడించినప్పుడే చెవుల దగ్గర బుస్సుమని లేచేది. ప్రతి పాయకు రెండు మూడు విడతలు పడుతుంది.

కుదుళ్లకు పద్ధతి వేరే. తల నిటారుగా పెట్టి, గిన్నెలోని ముళ్లను మాడుకు ఆనించి అక్కడే నిలపండి, గీకొద్దు. నడినెత్తిన అణిగిపోయే చోట ముందే నాలుగైదు చిన్న క్లిప్పులతో కుదుళ్లను కొంచెం పైకెత్తి పెడితే గాలి దూరుతుంది. మీరు తలంతా ఒకేలా తిప్పడం వల్ల గాలి ఎక్కువగా కొసలకే తగులుతోంది. అందుకే కింద పీచు, పైన చెమ్మ. కొసలు ఎనభై శాతం ఆరాక వాటిని వదిలేసి మిగతా టైమంతా కుదుళ్లకే ఇవ్వండి.

చివర ఒక నిమిషం చల్లగాలి పెట్టి ఆపేయండి. జుట్టు పూర్తిగా ఆరి గరగరలాడేదాకా చేతితో తాకొద్దు. ఆరిందా లేదా తెలియాలంటే మెడ వెనక, అడుగు పొరలో చూడండి, ఆఖరున ఆరేది అదే. అప్పుడు రెండు చుక్కలు కొబ్బరినూనె అరచేతుల్లో పూర్తిగా రుద్దుకొని, గుప్పిట్లో ఒత్తుతూ ఆ పెంకును విరగ్గొట్టండి. చెమ్మగా ఉన్నప్పుడే విరగ్గొడితే ఇంతసేపు చేసిన పని పోతుంది.

డ్రైయర్_రిపేరు_కడప:

వేడి ఆగిపోయి చల్లగాలి రావడం గురించి నేను చెప్తాను. అది డ్రైయర్ చెడిపోవడం కాదు. లోపల కాయిల్ పక్కనే వేడిని చూసే చిన్న థర్మోస్టాట్ ఉంటుంది. గాలి సరిగా పారకపోతే కాయిల్ మరీ వేడెక్కి, అది తెరుచుకొని కరెంటు ఆపుతుంది. చల్లబడ్డాక తిరిగి కలుస్తుంది. అదే పనిగా అట్లా జరగనిస్తే ఒకరోజు థర్మల్ ఫ్యూజ్ పోతుంది. అది ఒకసారి పోతే తిరిగి కలవదు, మార్చాల్సిందే.

గాలి ఆగడానికి మూడు చోట్లు చూడండి. మొదటిది వెనక జాలీ. అక్కడ పేరుకునే దుమ్ము, వెంట్రుకలు పదిహేను రోజులకోసారి ప్లగ్ తీసేసి పాత టూత్‌బ్రష్‌తో దులపాల. మన వైపు దుమ్ముకు, ఆషాఢం గాలుల కాలంలో వారానికోసారి. రెండోది డిఫ్యూజర్ చిల్లులు. మడతపడే సిలికాన్ వాటిలో కొన్నిటికి చిల్లులు తక్కువ, సన్నవి కూడా. గాలి వెనక్కి తన్ని డ్రైయర్ మూతి కాలిపోతుంది. గిన్నె వెడల్పుగా ఉండి, అడుగునా ముళ్ల చుట్టూ కూడా చిల్లులున్నది చూసుకోండి. మూడోది, జుట్టును గిన్నెలో కుక్కి మాడుకు గట్టిగా నొక్కడం. గాలి పోయే దారి లేకుండా నొక్కొద్దు, ఆనితే చాలు.

కొనేటప్పుడు డ్రైయర్ మూతి బయటి వెడల్పును స్కేలుతో కొలుచుకొని పోండి. వదులుగా ఉందని టేపు చుట్టేవాళ్లున్నారు, వేడికి బంక కరిగి వాసన వస్తుంది, గిన్నె ఊడి పడుతుంది.

ఇంకో మాట, ఓల్టేజీ. డ్రైయర్ వేడి ఓల్టేజీ వర్గాన్ని (ఓల్టేజీని ఓల్టేజీతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది. 230 ఓల్టులకు 1200 వాట్లిచ్చేది 180 ఓల్టులకు సుమారు 735 వాట్లే ఇస్తుంది, ఫ్యాను కూడా మందగిస్తుంది. ఎండాకాలం సాయంత్రాలు ఓల్టేజీ పడిపోయే వీధుల్లో నలభై ఐదు నిమిషాలు పట్టడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. పొద్దున పూట ఆరబెట్టి చూడండి, తేడా తెలుస్తుంది. 1200 వాట్లంటే అయిదు ఆంపియర్ల పైచిలుకు, 6 ఆంపియర్ల మామూలు సాకెట్ సరిపోతుంది. 1800 వాట్లది కొంటే మాత్రం దాదాపు 8 ఆంపియర్లు, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ కావాల. పల్చటి వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఏదీ పెట్టొద్దు. ఇంటి ఇన్వర్టరు మీద అసలే వద్దు.

అవిసె_జెల్ (ప్రొద్దుటూరు):

తెల్లపొడి సంగతి ఎవరూ చెప్పలేదు. దానికి రెండు కారణాలుంటాయి, ఏదో తేల్చుకోవడం సులభం. జెల్‌కు ముందు లీవ్-ఇన్ క్రీము (పూసి కడగకుండా వదిలేసేది) లాంటిది పూస్తున్నారా? పూస్తుంటే రెండూ చెరో చుక్క అరచేతిలో వేసి వేలితో కలపండి. నున్నగా కలిస్తే సరే. పాలు విరిగినట్టు గడ్డలు గడ్డలుగా విడిపోతే ఆ రెండూ ఒకేసారి వాడొద్దు, తల మీద కూడా అట్లే విరిగి ఆరాక పొడి అవుతుంది.

క్రీము లేదంటే బోరు నీళ్లే. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుకల మీద పేరుకుంటాయి. బకెట్ అంచున, గీజరు లోపల కట్టే తెల్లపెచ్చు ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే. దాని మీద జెల్ సరిగా పట్టదు, జుట్టు బిరుసుగా ఉంటుంది. నెలకు రెండుసార్లు ఈడీటీఏ (ఆ కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టి వదిలించే పదార్థం) ఉన్న షాంపూ వాడండి, సీసా వెనక పదార్థాల వరుసలో డైసోడియం ఈడీటీఏ గానీ టెట్రాసోడియం ఈడీటీఏ గానీ ఉంటుంది. వరుసలో మరీ చివర ఉంటే తక్కువ ఉన్నట్టు, పైన ఉన్నది మేలు. ప్రతిసారీ ఆఖరి కడుగుడు మాత్రం క్యాను నీళ్లతో కానివ్వండి. లీటరున్నర చాలు, తల ముందుకు వంచి చెంబుతో పోసుకుంటే వృథా కాదు. కర్నూలులో తుంగభద్ర కుళాయి నీళ్లు వాడేవాళ్లకు ఈ బాధ తక్కువ.

కొన్న జెల్ వద్దనుకుంటే అవిసె గింజలు నాలుగు టేబుల్ స్పూన్లు, నీళ్లు అర లీటరు. మధ్యస్థం మంట మీద కలుపుతూనే ఉండాల, లేకపోతే అడుగంటుతుంది. ఎనిమిది పది నిమిషాలకు తెల్లనురుగు వచ్చి, గరిటెత్తితే గుడ్డు తెల్లసొన మాదిరి తీగ సాగుతుంది. అప్పుడే దించి వేడిమీదే జల్లెడలో పోయాల. చల్లారితే గింజలను వదలదు, పిండినా దిగదు. ఫ్రిజ్‌లో వారం నిలుస్తుంది, వాసన మారితే పారేయండి. ఇది కొన్న జెల్ కన్నా మెత్తగా పడుతుంది, ఆషాఢం గాలికి మాత్రం నిలవదు.

గ్లిజరిన్ ఎక్కువున్న జెల్ మన ఎండాకాలానికి వద్దు. గాలిలో తేమ ఉంటేనే అది తేమను పట్టి తెస్తుంది. ఏప్రిల్, మే నెలల పొడిగాలిలో పట్టడానికేమీ ఉండదు, జుట్టు బిరుసెక్కుతుంది. వానలు పడే అక్టోబరులో అదే జెల్ తేమను మరీ ఎక్కువ లాగి జుట్టును ఉబ్బిస్తుంది. పదార్థాల వరుసలో మొదటి నాలుగైదింటిలో గ్లిజరిన్ ఉందేమో చూడండి.

అనంత_రింగులు (అనంతపురం):

లీవ్-ఇన్ వాడటం లేదు, అంటే నీళ్లే. జాలీ చూశాను, మూసుకుపోయి ఉంది. అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్కటి అడగాల. డ్రైయర్ వేడికి జుట్టు రాలుతుంది, ఎండలో ఆరబెట్టుకోవడమే మేలని పెద్దవాళ్లు అంటారు కదా, దాంట్లో నిజమెంత? వారానికి ఎన్నిసార్లు వాడొచ్చు?

కర్నూలు_పార్లర్:

రాలడం వేరు, తెగడం వేరు. రాలిన వెంట్రుకకు ఒక చివర తెల్లని చిన్న బుడిపె ఉంటుంది. తెగినదానికి ఉండదు, పొట్టిగా కూడా ఉంటుంది. డ్రైయర్ అతిగా వాడితే వచ్చేది తెగడం.

దూరం గురించి అయితే లెక్కలున్నాయి. 2011లో కొరియా పరిశోధకులు జుట్టు పాయలను ముప్పై సార్లు కడిగి, ఆరబెట్టి చూశారు. డ్రైయర్‌ను 15 సెంటీమీటర్ల దూరంలో పెడితే 47 డిగ్రీలు, 10లో 61, 5లో 95 డిగ్రీలు వచ్చింది. దగ్గరికి పోయేకొద్దీ పైపొలుసు ఎక్కువ దెబ్బతింది. అయితే డ్రైయర్ లేకుండా వదిలేసిన పాయల్లో మాత్రమే లోపలి పొరలను కలిపి ఉంచే భాగం చెడింది, ఎక్కువసేపు తడిగా ఉండటం వల్ల కావచ్చునన్నారు. 15 సెంటీమీటర్ల దూరం నుంచి కదిలిస్తూ ఆరబెట్టడం మేలని వాళ్లు తేల్చింది. నేను మొదట జానెడుకు కాస్త తక్కువ అన్నది ఈ దూరమే. వాళ్లు డిఫ్యూజర్ వాడలేదు కాబట్టి గిన్నెను ఆనించేటప్పుడు ఈ లెక్క పట్టదు. అప్పుడు వేడి తగ్గించాల్సిందే. గిన్నెను ముంజేతి లోపలి వైపు పది సెకన్లు ఆనించి చూడండి. చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపిస్తే ఆ వేడి తలకూ ఎక్కువే.

ఎండ మాటకొస్తే, మన మే నెల ఎండ వెంట్రుకకు మేలు చేసేది కాదు. పైగా మిద్దె మీద గాలికి రింగులన్నీ చెదిరిపోతాయి. వద్దు.

వారానికి రెండుసార్లు తలకు పోసుకుంటే రెండుసార్లూ వాడొచ్చు. కొబ్బరినూనె తలకు పోసుకునే ముందు, రాత్రి పెట్టుకోండి. అది వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోవడాన్ని తగ్గిస్తుంది. జెల్ పూసే రోజు పొద్దున మాత్రం నూనె మిగలకుండా కడగాల, నూనె మీద జెల్ జారిపోతుంది.

డ్రైయర్_రిపేరు_కడప:

జాలీ దులిపాక గిన్నె లేకుండా ఒకసారి, గిన్నె పెట్టి ఒకసారి, అయిదేసి నిమిషాలు తక్కువ స్పీడులో ఊరికే తిప్పి చూడండి. గిన్నె లేనప్పుడు వేడి ఆగకుండా, పెట్టినప్పుడే ఆగితే డిఫ్యూజర్ మార్చండి. రెండుసార్లూ ఆగితే ఫ్యాను నెమ్మదించి ఉంటుంది, ఇరుసుకు వెంట్రుకలు చుట్టుకొని ఉంటాయి. అది విప్పించి తీయించుకోవాల, మీరు విప్పొద్దు.