లైనక్స్ వాడేవారిని లెక్కించేదెలా?

ప్రశ్న: మా పాఠశాలలోని 24 కంప్యూటర్లూ విండోస్‌తో కొన్నవే. ఒకే పెన్‌డ్రైవ్‌తో అన్నింటిలో డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాను. అమ్మకాల లెక్కలో ఇవి 24 విండోస్‌లు, డౌన్‌లోడ్ల లెక్కలో ఒక్క డెబియన్! ఇదేం న్యాయం? అసలు సంఖ్య ఎలా తెలుస్తుంది?

జవాబు: వెబ్ వాడకాన్ని లెక్కించే స్టాట్‌కౌంటర్ అనే సంస్థ అమ్మకాలను చూడదు మాస్టారూ. తన కోడ్ ఉన్న వెబ్‌సైట్లలో ఏ సిస్టమ్ నుంచి ఎన్ని పేజీలు తెరిచారో లెక్కిస్తుంది. మీ గదిలో ఇంటర్నెట్ ఉందా?

ప్రశ్న అడిగినవారు: ఇంకా రాలేదండీ.

మరో జవాబు: అయితే అక్కడా కనిపించరు. డెబియన్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఎంతమంది వాడుతున్నారో లెక్కించే పాపులారిటీ-కాంటెస్ట్ అనే ప్యాకేజీ (ప్రోగ్రామ్) ఉంది, కానీ అనుమతించిన యంత్రాలే వివరాలు పంపుతాయి. సూపర్‌కంప్యూటర్ల సంగతి వేరు, ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. 2017 నవంబరు నుంచి టాప్500 జాబితాలో (ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్‌కంప్యూటర్ల జాబితా) అన్నీ లైనక్సే.

ప్రశ్న అడిగినవారు: కనెక్షన్ వచ్చిన రోజే 24లోనూ ఆ ప్యాకేజీ పెడతాను. మా పిల్లలూ లెక్కలోకి రావాలి.