అప్‌డేట్: పిల్లి ఓకరింతలకి కారణం నాలుక కింద దారం

మా పిల్లి మాటిమాటికీ ఓకరిస్తోంది, ఏమీ బయటికి రావట్లేదు, ఒళ్లు నాక్కున్నప్పుడు మింగిన వెంట్రుకల ఉండేనా అని బరంపురం నుంచి ఇక్కడ అడిగింది నేనే. ఇప్పుడు బాగుంది. "నాలుక కింద చూడమని చెప్పమ్మా" అన్న అక్కకి చాలా థాంక్స్. దొరికింది అక్కడే.

డాక్టరు గారు దాని నోరు తెరిచి, దవడ కింద నుంచి వేలితో పైకి నొక్కితే నాలుక లేచింది. అడుగున ఎర్రగా ఒరుసుకుపోయిన గీత, అందులో దిగబడిపోయిన పట్టుదారం. చీరలకి ఫాల్స్ కుట్టే ఇల్లు మాది. దారం ఒక కొస నాలుకకి చుట్టుకుంది, రెండోది పొట్టలోకి పోయింది. ఎక్స్‌రేలో పేగు కుచ్చిళ్లు పోసినట్టు ముడుచుకుని కనబడింది. ఆపరేషన్ చేసి తీశారు, కుట్లు కూడా మానాయి. నోట్లో గానీ వెనకవైపు గానీ దారం కనిపిస్తే మాత్రం లాగకండి, పేగు కోసుకుపోతుంది.

అప్పుడు మీరు చెప్పిన మిగతావి, అంటే వెంట్రుకల ఉండలకి వాడే జెల్, నులిపురుగుల మందు, మేత మార్చడం మా విషయంలో అక్కర్లేకపోయాయి.

ఎప్పుడో ఓసారి వెంట్రుకల ఉండ కక్కేసి మామూలుగా తింటుంటే కంగారు లేదు. వట్టినే ఓకరిస్తూ, చొంగ కారుస్తూ, తిండి మానేసి మూల నక్కితే ఆ రోజే చూపించండి. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే అర్ధరాత్రయినా ఆగొద్దు.