నెల్లూరు అంకణాలను గజాలు, సెంట్లలోకి మార్చడంపై సందేహం

పెద్దలకు నమస్కారం. మాది నెల్లూరు జిల్లా కావలి. మా తాతగారి కాలం నాటి విక్రయ దస్తావేజులో ఇంటి స్థలం 40 అంకణాలని మాత్రమే ఉంది. నాలుగు వైపులా హద్దులు రాశారు కానీ పొడవు, వెడల్పులు ఇవ్వలేదు. ఇప్పుడు అన్నదమ్ముల మధ్య భాగ పరిష్కారం రాయించుకోబోతున్నందున ఆ విస్తీర్ణాన్ని చదరపు గజాల్లోనూ సెంట్లలోనూ చూపవలసి వచ్చింది.

మా ప్రాంతంలో అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 చదరపు గజాలు. ఆ లెక్కన మా స్థలం 2,880 చదరపు అడుగులు, 320 గజాలు, సెంటుకు 48.4 గజాల చొప్పున సుమారు 6.61 సెంట్లు అవుతుంది. అయితే తిరుపతి వైపు నుంచి వచ్చిన దస్తావేజు లేఖరి అక్కడి వాడుక ప్రకారం అంకణానికి 36 చదరపు అడుగులే వేసి, ముసాయిదాలో 160 గజాలని రాశారు. సగానికి సగం తేడా! టేపు పట్టి కొలిస్తే స్థలం 48 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉంది కనుక 72 లెక్కే సరైనదని నా దృఢమైన అభిప్రాయం.

పాత దస్తావేజులోని అంకణం ఏ కొలతదో రిజిస్ట్రేషను సమయంలో నిరూపించడానికి ఏ కాగితం చూపాలి? పొరుగువారి దస్తావేజుల్లో మా వైపు హద్దు కొలతలు ఉంటే అవి ఆధారంగా చెల్లుతాయా? కొత్త పత్రంలో అంకణాలను కూడా ఉంచి, పక్కనే గజాలు రాయించడం మంచిదా, లేక కొలతలతో కూడిన ప్లాను జతపరిస్తే చాలునా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇటువంటి పత్రాలు రాయించిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా తెలియజేయగలరు.